బ్రాగా పేరెత్తని రోజు

పోర్చుగల్‌లో తన సొంతూరు గిమరాయిష్ గురించి బెల్మీరు సల్గాదును ఒక్క ప్రశ్న అడిగితే చాలు, గంటకు తక్కువ కాకుండా వాయించి వదులుతాడు. ఆ గంటలో సగం గిమరాయిష్ గొప్పదనం. మిగతా సగం, పాతిక కిలోమీటర్ల అవతలున్న బ్రాగా ఊరి తక్కువదనం. రెండూ ఒకటే సంగతని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లు కత్తుల కార్ఖానాలో పిడులు బిగించి రిటైరైన మనిషి, ఇప్పుడు ఆదివారాలు ఊరు చూడవచ్చినవాళ్లను వెంటబెట్టుకుని తిప్పుతుంటాడు. ఒక్క పైసా పుచ్చుకోడు. కొత్తవాళ్ల ముందు బ్రాగాను కడిగిపారేసే అవకాశం దొరుకుతోంది కదా, ఇంకేం కావాలి!

అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున పది గంటలకు, బస్టాండులో నోరు కుట్టేసుకుని నిలబడ్డాడు. ఆయన కష్టం ఎవరికీ రాకూడదు.

సంగతేమిటంటే, బెల్మీరు ఒక్కగానొక్క కూతురు మఫాల్దా ఓ కుర్రాణ్ణి ప్రేమించింది. ప్రేమిస్తే ప్రేమించింది, గిమరాయిష్‌లో కుర్రాళ్లే కరువైనట్టు బ్రాగా కుర్రాణ్ణి ప్రేమించింది. తండ్రి మూడు రోజులు అలిగాడు. నాలుగో రోజు ఆ తొమే అనేవాడు ఇంటికొచ్చి, బెల్మీరు స్వయంగా కాచిన ఆకుకూర సూపు మళ్లీ మళ్లీ అడిగి పోయించుకునేసరికి మెత్తబడ్డాడు. అంతా కుదిరింది. పెళ్లి ఎక్కడ అన్న దగ్గర మాత్రం బిగుసుకుంది.

పెళ్లికూతురి ఊళ్లో పెళ్లి చేయడం ఆనవాయితీ కాబట్టి ఒలివైరా చర్చిలోనే జరగాలని బెల్మీరు పట్టు. ఆయన పెళ్లి అక్కడే అయింది. మఫాల్దాకు పేరు పెట్టింది అక్కడే. పదకొండేళ్ల కిందట భార్య అర్మీందాను సాగనంపిందీ అక్కడినుంచే. కూతురి చెయ్యి పట్టుకుని ఆ నడవలో ఒకసారి నడిస్తే చాలు, ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదని ఆయన ఎవరితోనైనా అనేస్తుంటాడు, కళ్లు తుడుచుకుంటూ, సిగ్గు లేకుండా.

తొమే తల్లి ఎతెల్వీన ఒప్పుకోలేదు. ఆవిడ బ్రాగాలో పెద్ద చర్చి వెనక కొవ్వొత్తుల కొట్టు నడుపుతుంది. భర్త పోయాక ఒక్కచేత్తో కొడుకును పెంచింది. మాటకు మాట అప్పచెప్పకుండా ఉన్న రోజు ఆవిడ జీవితంలో లేదు.

"మా వాడు పెళ్లికొడుకై వచ్చి మీ ఊరివాళ్ల చేత మాటలు పడాలా?" అంది ఫోన్లో. "మా ఊరి పేరు తీసి తుపుక్కున ఉమ్మకుండా మీవాళ్లు ఒక్క పూట గడపగలరా?"

"ఎందుకు గడపలేం?" అన్నాడు బెల్మీరు, పౌరుషం ముంచుకొచ్చి.

పక్కనే ఉన్న మఫాల్దా ఠక్కున ఫోను లాక్కుంది. ఆ పిల్లకు తండ్రి నోరూ తెలుసు, అత్తగారి నోరూ తెలుసు. "అయితే పందెం. శనివారం మీరు మా ఊరు చూడ్డానికి రండి, ఎతెల్వీన గారూ. నాన్న తిప్పి చూపిస్తాడు. మీరు బస్సు దిగిన దగ్గర్నుంచి నాలుగున్నర బస్సెక్కేదాకా నాన్న నోట బ్రాగా అన్న పేరు రాకూడదు. తిట్టకూడదు, పొగడకూడదు, అసలు ఎత్తకూడదు. ఎత్తితే పెళ్లి మీ ఊళ్లో. ఎత్తకపోతే ఒలివైరాలో."

"పొగడచ్చు కదే," అన్నాడు బెల్మీరు పక్కనుంచి.

"నువ్వు పొగిడితే అది తిట్టు కన్నా అన్యాయంగా ఉంటుంది నాన్నా."

ఎతెల్వీన పకపకా నవ్వింది. "ఆయనా? భోజనాల దాకా కూడా ఆగరు. నాకు సమ్మతమే."

అదీ కథ. పది దాటి అయిదు నిమిషాలకు బస్సొచ్చింది. పొట్టిగా, గట్టిగా, నల్లగౌను మీద ఆకుపచ్చ శాలువా కప్పుకున్న ఎతెల్వీన దిగింది. దిగుతూనే నుదురు చిట్లించింది.

"బెల్మీరు గారూ, ఇది ఏ ఊరినుంచి వచ్చిన బస్సంటారు? కునుకు పట్టి మరిచిపోయాను."

"మీ ఊరినుంచి వచ్చిన బస్సే, ఎతెల్వీన గారూ," అన్నాడు బెల్మీరు.

"గట్టివారే," అంది ఆవిడ, శాలువా సర్దుకుంటూ.

ముందు తొరాల్ మైదానం దగ్గరకు తీసుకెళ్లాడు. అక్కడ పాత కోటగోడ మీద 'పోర్చుగల్ ఇక్కడే పుట్టింది' అని పెద్ద పెద్ద అక్షరాలు బిగించి ఉంటాయి. ఏ ఆదివారమైనా ఆ గోడ ముందు బెల్మీరు పావుగంట మాట్లాడతాడు. 'మరి బ్రాగాలో ఏం పుట్టిందీ అంటే' అని మొదలుపెడతాడు, జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. ఇవాళ ఆ గోడ ముందు నిలబడితే మెదడు ఖాళీ అయిపోయింది. ఆ వాక్యానికి అవతల ఏముండేదో ఎంత తడుముకున్నా అందలేదు.

"ఇది గోడ," అన్నాడు చివరికి.

"ఊఁ."

"దాని మీద అక్షరాలు."

"చదువు వచ్చులెండి నాకు," అంది ఎతెల్వీన.

కోట దగ్గర ఇంకా ఘోరం. ఎనిమిది బురుజులు, నడుమ పెద్ద బురుజు, దేశానికి మొదటి రాజు అఫోన్సు పసితనంలో పాకిన నేల. అంత కోటనూ పట్టుకుని బెల్మీరు, "రాళ్లతో కట్టారు. పాతది," అని ఊరుకున్నాడు. పక్కన ఎవరో జర్మనీ దంపతులు పుస్తకం చూసుకుంటూ వాళ్లంతట వాళ్లే ఇంతకన్నా ఎక్కువ చెప్పుకుంటున్నారు. బెల్మీరుకు తల కొట్టేసినట్టయింది.

ఎతెల్వీన బురుజును కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసింది. "మొదటి రాజు ఇక్కడే పుట్టాడంటారు కదూ?"

"ఇక్కడే," అన్నాడు బెల్మీరు, కాస్త ప్రాణం లేచొచ్చి.

"మరి ఆయన అమ్మానాన్నలు?"

"ఉండేవారు."

"ఉండకపోతే ఆయనెలా పుడతాడు లెండి. ఇప్పుడెక్కడున్నారు అంటున్నాను."

"ఇంకెక్కడుంటారు, సమాధుల్లో."

"ఏ ఊరి సమాధుల్లో?"

రాజుగారి తల్లిదండ్రులు బ్రాగా పెద్ద చర్చిలో పక్కపక్కనే పడుకుని ఉన్నారు. గిమరాయిష్‌వాళ్లు ఎంత గొంతు చించుకున్నా, బ్రాగావాళ్లు చివర్లో వేసే ముక్క అదే. దానికి బెల్మీరు దగ్గర బ్రహ్మాండమైన జవాబుంది. అందులో బ్రాగా పేరు నాలుగుసార్లు వస్తుంది, అదీ చిక్కు.

"మీరు దిగిన బస్సే మళ్లీ ఎక్కితే చూడొచ్చు," అన్నాడు.

ఎతెల్వీన నవ్వాపుకోలేక అటు తిరిగింది. అంతలో రాజభవనం గుమ్మం దగ్గర టికెట్లు చింపే ఒనోరియు దూరం నుంచే కేకేశాడు. "ఏరా బెల్మీరూ, ఇందాకట్నుంచి చూస్తున్నా, బ్రాగా ఊసే లేదు. ఒంట్లో బాగోలేదా ఏంటి?"

బెల్మీరు గొంతు పట్టేసిందన్నట్టు చెయ్యి ఊపాడు.

"అయ్యో, తేనె తాగరా," అన్నాడు ఒనోరియు. నిజంగానే జాలిపడ్డాడు పాపం.

శాంతా మరియా వీధి దిగి వస్తుంటే చలిగాలి మొదలైంది. కాస్త కాఫీ పడితేగానీ లాభం లేదని జుల్మీరా కొట్లోకి దూరాడు బెల్మీరు. వెనకే వచ్చిన ఎతెల్వీన తలుపు వెయ్యడం మరిచిపోయింది. గాలికి బల్లల మీది కాగితపు రుమాళ్లన్నీ ఎగిరి కిందపడ్డాయి.

దేశం మొత్తమ్మీద తలుపు వెయ్యకుండా లోపలికొచ్చిన మనిషిని అడిగే ప్రశ్న ఒకటే. నువ్వు బ్రాగావాడివా, అని. బ్రాగా పాత నగరద్వారానికి తలుపులుండవు, అందుకని. అన్నం తిన్నావా అని అడిగినంత మామూలుగా వస్తుంది ఆ మాట నోట్లోంచి. బెల్మీరు నాలుక చివరిదాకా వచ్చింది. రెండు పెదాలూ పళ్లతో నొక్కిపట్టాడు.

కొట్టు జుల్మీరాది. ఆవిడకు పందెం సంగతి తెలియదు. అటు తిరిగి కాఫీ వంపుతూనే అనేసింది. "ఎవరమ్మా ఆ తలుపు? బ్రాగాలో పుట్టావా?"

"అక్కడే పుట్టాను," అంది ఎతెల్వీన. "పెరిగింది కూడా అక్కడే. ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను."

జుల్మీరా వెనక్కి తిరిగింది. మొహం కందగడ్డ అయింది. "అది... అందర్నీ అంటాం కదా అమ్మా, అలవాటుగా వచ్చేసింది. ఏమీ అనుకోకండి." గబగబా వెళ్లి తలుపు తనే వేసొచ్చి, బాదంపప్పు కేకు ముక్కలు రెండు అడగకుండానే తెచ్చిపెట్టింది. "ఇవి నా తరఫున."

"రెండు ముక్కలకు లొంగుతానా?" అంది ఎతెల్వీన.

మూడోది కూడా వచ్చింది. బెల్మీరు రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు.

"నవ్వండి, నవ్వండి," అంది ఎతెల్వీన కేకు కొరుకుతూ. "నవ్వకూడదని మీ అమ్మాయి చెప్పలేదు. ఆ నవ్వులో మా ఊరి పేరు స్పష్టంగా వినపడుతోంది కానీ, పోనీలెండి."

ఒంటిగంటకు భోజనానికి కూర్చున్నారు. బెల్మీరు ఇరవై ఏళ్లుగా తినే హోటలే. గోడ మీది నల్లబోర్డు చూసేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. శనివారం ప్రత్యేకం అక్కడ ఎప్పుడూ ఒకటే, బ్రాగా ఉప్పుచేప. చేపముక్క నూనెలో వేయించి, పైన బోలెడన్ని ఉల్లిపాయలు, పక్కన చక్రాల్లా తరిగి వేయించిన బంగాళాదుంపలు. బెల్మీరుకు అదంటే ప్రాణం. వడ్డించే వల్దెమారు చెవి వెనక పెన్సిలు తీసి నిలబడ్డాడు.

"ఏం తెమ్మంటావు?"

"ఎప్పుడూ తినేదే."

"నువ్వు ఎప్పుడూ చాలా తింటావు. ఏదో చెప్పు."

"బోర్డు మీదుంది చూడు."

"బోర్డు మీద నాలుగున్నాయి."

"చేప. పైన ఉల్లిపాయలు."

"ఉల్లిపాయలు అన్నిటి మీదా ఉంటాయి. దానికో పేరుంది కదయ్యా, ఆ పేరు చెప్తే ఏం, నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

బెల్మీరు దీనంగా చూశాడు. "సూపు తే. సూపు, రొట్టె."

"నాకు బ్రాగా ఉప్పుచేప తెండి," అంది ఎతెల్వీన, ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలుకుతూ.

అది వచ్చింది. పొగలు కక్కుతూ వచ్చింది. ఎతెల్వీన తీరిగ్గా ముళ్లు ఏరుకుంటూ, మధ్యమధ్య అబ్బా అంటూ తిన్నది. బెల్మీరు సూపులో చెంచా తిప్పుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి ఆవిడే చూళ్లేక, సగం ముక్క తీసి ఆయన కంచంలో వేసింది.

"తినండి. తినడానికి పేరు అక్కర్లేదు."

తిన్నాడు. మొహమాటానికైనా వద్దనలేదు.

"నిజం చెప్పనా?" అంది ఎతెల్వీన, ద్రాక్షసారా గ్లాసు కింద పెట్టి. "మీ ఊరు బాగుంది. చూపించే మనిషే బాగోలేదు. మా తొమే ఏమో, మఫాల్దా వాళ్ల నాన్నగారు మాట్లాడుతుంటే రాళ్లు కూడా నవ్వుతాయమ్మా అని ఊదరగొట్టాడు. పొద్దుట్నుంచి నేను విన్నది, ఇది గోడ, ఇది కోట."

బెల్మీరుకు ఎక్కడో కలుక్కుమంది. ఇంత అందమైన ఊరు పెట్టుకుని, ఇంత చేతగానివాడిలా ఒక కొత్తమనిషికి ఎప్పుడూ చూపించలేదు. బ్రాగాను తీసేస్తే తన దగ్గర గిమరాయిష్ ఇంతేనా అని భయం కూడా వేసింది. కానీ గడియారం చూస్తే రెండున్నర. ఇంకో రెండు గంటలు. ఒలివైరా చర్చి అందినట్టే ఉంది.

"ఓడిపోయేలా ఉన్నాను," అంది ఎతెల్వీన. "పదండి, ఆ చర్చి ఏదో చూపించండి. కాబోయే పెళ్లిపందిరి కదా."

చర్చి పక్క వీధిలోనే ఉంది. బెల్మీరు హుషారుగా నడిచాడు. గుమ్మం దాకా వెళ్లి, బరువైన తలుపు మీద చెయ్యి వేశాక అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

అర్మీందాది బ్రాగా.

పొద్దుట్నుంచి ఆయన కోటలూ గోడలూ చేపలూ చూసుకుని భయపడ్డాడే గానీ, భార్య సంగతి తట్టనే లేదు. ముప్పై నాలుగేళ్ల కిందట ఈ ఊళ్లో పెద్ద గోలే అయింది, బెల్మీరు పోయి పోయి బ్రాగా పిల్లను తెచ్చుకుంటున్నాడని. ఆ గోల అణచడానికి, అందరికన్నా ముందు తనే బ్రాగా మీద జోకులు వెయ్యడం మొదలుపెట్టాడు. అర్మీందా నవ్వేది. ఆ నవ్వు చూసి ఇంకా రెచ్చిపోయేవాడు. అదే అలవాటై, తర్వాత అదే ఆయన పేరు ప్రతిష్ఠ అయింది.

లోపల ఎవరూ లేరు. ఎతెల్వీన మోకాలు వంచి దండం పెట్టుకుని, వెలుగుతున్న కొవ్వొత్తుల దగ్గరకు వెళ్లి ఒకదాన్ని గిల్లి చూసింది. "మైనంలో కల్తీ. మా కొట్లో తీసుకోమని ఫాదర్‌గారికి చెప్పండి." తర్వాత ముందు వరస బల్ల మీద కూర్చుంది. బెల్మీరు పక్కన కూర్చున్నాడు.

"మీ పెళ్లి ఇక్కడేనన్నమాట."

"ఇక్కడే. అదిగో, ఆ మెట్టు దగ్గర."

"అర్మీందా గారిది కూడా ఈ ఊరేనా?"

ఈ ఊరే అనేస్తే సరిపోతుంది. ఇరవై మూడేళ్లు ఇక్కడ కాపురం చేసింది, ఇక్కడి మట్టిలోనే కలిసింది, ఈ ఊరిది కాక మరెక్కడిది? లేకపోతే, పక్క ఊరు అనొచ్చు. పొద్దున బస్సు దగ్గర ఆడినట్టు ఇంకో నాటకం ఆడొచ్చు. ఎదురుగా ఆ మెట్టు కనిపిస్తోంది. ఆ రోజు అర్మీందా దాని మీద కాలు తొట్రుపడితే, బ్రాగావాళ్లకు మెట్లెక్కడం రాదు అని గట్టిగా అన్నాడు తను. చర్చి చర్చంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది.

"ఆవిడది బ్రాగా," అన్నాడు బెల్మీరు.

ఎతెల్వీన ఆయన వైపు చూడలేదు.

"సావ్ విసెంత్ చర్చి పక్క సందు. మూడో ఇల్లు. వాళ్లమ్మ కుట్టుపని చేసేది. పెళ్లి వాళ్ల చర్చిలో చెయ్యాలని వాళ్లమ్మ కోరిక. బ్రాగా చర్చిలో అడుగు పెట్టేకన్నా బ్రహ్మచారిగా చస్తానన్నాను నేను. సరేలే అంది అర్మీందా. ఆ పెద్దావిడ వచ్చి అదిగో, ఆ వెనకాల చివరి బల్ల మీద కూర్చుంది. ముందుకు రమ్మంటే రాలేదు." ఆ చివరి బల్ల వైపు తిరిగి చూశాడు. "ఇరవై మూడేళ్లండీ. ఒక్కరోజు కూడా నేను ఆ ఊరి పేరు మామూలుగా, ఒక ఊరి పేరులా పలకలేదు ఆవిడ ముందు. నవ్వేది కదా, ఇష్టమే అనుకున్నాను. ఒక్కసారి అడిగుండాల్సింది."

ఎతెల్వీన సంచిలోంచి రుమాలు తీసి ఆయనకిచ్చింది. "నాకు తెలుసు," అంది. "ఆవిడది మా ఊరేనని మఫాల్దా ఎప్పుడో చెప్పింది."

"మరెందుకడిగారు?"

"చూద్దామని. ఈ ఊరే అని ఉంటే, నోరు మూసుకుని ఇక్కడ పెళ్లికి ఒప్పుకునేదాన్ని. ఇంటికెళ్లి మా వాడితో మాత్రం చెప్పేదాన్ని, ఒరే, పెళ్లయ్యాక నువ్వు ఏ ఊరివాడివో కూడా మిగలనివ్వరు జాగ్రత్త, అని." శాలువా ముడి విప్పి మళ్లీ వేసుకుంది. "తెలిసి అడిగాను కాబట్టి అది దొంగదెబ్బ. మీరన్నది నేను వినలేదు. మీరే గెలిచారు. పెళ్లి ఇక్కడే."

"విన్నారు," అన్నాడు బెల్మీరు.

"వినలేదంటున్నాను కదా."

"ఎతెల్వీన గారూ, ఇన్నేళ్లకు ఒక్కసారి సరిగ్గా అన్నాను. దాన్ని అనలేదని అనకండి."

ఎతెల్వీన అప్పుడు ఆయన వైపు తిరిగి చూసింది.

"పెళ్లి బ్రాగాలోనే," అన్నాడు బెల్మీరు ముక్కు తుడుచుకుని. "అయితే మీ కొట్టు దగ్గరున్న పెద్ద చర్చిలో కాదు. సావ్ విసెంత్‌లో."

"అదేమిటి? ఓడింది మీరు, ఎంచుకునేది నేను. పెద్ద చర్చి ఎంత బాగుంటుందనుకున్నారు."

"నేను ఓడింది మీ చేతిలో కాదుగా."

ఆవిడ లేచి వెళ్లి, కల్తీ మైనమే అయినా ఒక కొవ్వొత్తి తీసి వెలిగించి వచ్చింది.

చర్చి గుమ్మం దాటేసరికి బెల్మీరుకు నోటి కట్టు తెగింది. ఇంక దాచుకోవాల్సిందేముంది? బస్టాండు దాకా ఉన్న దారి పొడవునా, పొద్దుట్నుంచి మింగిందంతా కక్కేశాడు. బ్రాగాలో వాన ఎందుకాగదో, బ్రాగావాళ్ల గడియారాలు ఎందుకు పావుగంట వెనక నడుస్తాయో, ఆ గోడ మీది అక్షరాలు చదివి ఒక బ్రాగావాడు ఎందుకు మంచం పట్టాడో, రాజుగారు అమ్మానాన్నలను అంత దూరాన ఎందుకు పూడ్చిపెట్టించాడో. ఎతెల్వీన కూడా తగ్గలేదు. గిమరాయిష్‌వాళ్లు కోటకు గోడలు అంత మందంగా ఎందుకు కట్టుకున్నారంటే లోపల బుర్రలు కూడా అంతే మందం కాబట్టి అంది. ఇద్దరూ ఆయాసపడుతూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వుతుంటే, టికెట్లు చింపే పని ముగించుకుని ఇంటికెళ్తున్న ఒనోరియు చూసి, తేనె పనిచేసిందనుకున్నాడు.

"ఇదీ, ఊరు చూపించడమంటే," అంది ఎతెల్వీన బస్సు మెట్టెక్కుతూ. "మళ్లీ వస్తాను. కోట బాకీ ఉంది."

బస్సు కదిలి మలుపు తిరిగిందో లేదో, బెల్మీరు జేబులో ఫోను మోగింది. మఫాల్దా.

"నాన్నా, ఎక్కేశారా? గెలిచావా?"

"లేదమ్మా. ఓడిపోయాను."

"అయ్యో నాన్నా. అంతసేపు ఆగి, ఎక్కడ జారావు? ఆవిడ అనిపించిందా? జుల్మీరా అత్తా? ఆ వల్దెమారా? ఎవరు నీ చేత ఆ పేరనిపించింది?"

"మీ అమ్మ," అన్నాడు బెల్మీరు.